మూసినట్టు చెప్పలేదు, మళ్లీ తెరవలేదు: రివర్ కంట్రీ వాటర్ పార్క్ ముగింపుపై ఒక పరిశీలన

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, వాల్ట్ డిస్నీ వరల్డ్ ఆవరణలో ఉన్న రివర్ కంట్రీ వాటర్ పార్క్ 2001 నవంబర్ 2న తలుపులు మూసింది. అప్పుడు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అక్కడి వాటర్ పార్కులు చలికాలంలో కొన్నాళ్లు మూసి, మరమ్మతులు చేసుకుని, వసంతంలో తెరవడం మామూలే. రివర్ కంట్రీకీ అది అలవాటైన పద్ధతే. కానీ 2002 వసంతం వచ్చింది, పోయింది; తలుపులు తెరుచుకోలేదు. జనం కోరితే తెరుస్తామన్న ధోరణిలో సంస్థ మాట్లాడింది. ఇక తెరవబోమన్న మాట బయటికి వచ్చింది 2005లో.

పార్క్ ఎందుకు మూతపడిందని అడిగితే ఇవాళ నూటికి తొంభై మంది చెప్పే జవాబు ఒకటే: నీళ్లలో అమీబా ఉంది, ఒక పిల్లవాడు చనిపోయాడు, అందుకే మూసేశారు. ఆ మరణం నిజం. అది మూతకు కారణమన్నది మాత్రం కాలక్రమం ముందు నిలవదు. పార్కును కట్టిన తీరే దాన్ని పెరగనివ్వలేదనీ, పెరగలేని ఆ పార్క్ పనిని యజమాని తన కొత్త పార్కులకు అప్పగించాడనీ, 2001 నాటి పర్యాటక సంక్షోభం అందుకు సందు మాత్రమే ఇచ్చిందనీ ఈ వ్యాసం వాదన.

ముందు ఆ నీళ్ల సంగతి చూడాలి. డిస్నీ వరల్డ్ నిర్మాణ సమయంలో, 1971కి ముందు, సుమారు 450 ఎకరాల బే లేక్ సరస్సును ఎండగట్టి అడుగున పేరుకున్న బురద తోడించారు. కింద తెల్లని ఇసుక బయటపడింది. ఆ ఇసుకనే శుభ్రం చేసి ఒడ్డున పరిచారు. 1976 జూన్ 20న అదే సరస్సు అంచున, ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే విడిది ప్రాంతం పక్కన, రివర్ కంట్రీ మొదలైంది. జారుడు దారిలో మొదట దిగింది అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ కూతురు సుసాన్. డిస్నీకి ఇది మొట్టమొదటి వాటర్ పార్క్.

దాని ఆకర్షణంతా పల్లెటూరి ఈత. బండరాళ్ల మధ్య నుంచి జారే రెండు పొడవాటి దారులు, వాటిలో పెద్దది 260 అడుగులు. ట్యూబు మీద కూర్చుని తేలిపోయే పాయ ఒకటి. తాడు పట్టుకుని ఊగి దూకడానికి కొయ్యలు. ఇవన్నీ వచ్చి కలిసేది సుమారు అర ఎకరం మడుగులో. అడుగున సిమెంటు లేదు, ఇసుకే. ఎండాకాలం సెలవుల్లో మోటబావి గట్టు మీది నుంచి దూకిన తరం ఆ సరదాను చప్పున పోల్చుకోగలదు. అమెరికాలోనూ అలాంటి తరం ఒకటి ఉంది, పార్కును కట్టింది వాళ్ల జ్ఞాపకాల కోసమే.

మడుగులోని నీళ్లు సరస్సువే. పంపులతో తోడి, వడకట్టి, పైకి ఎక్కించి వదిలితే దారుల గుండా జారి మడుగులో పడేవి. మడుగుకూ సరస్సుకూ మధ్య కట్టలో ఒక రబ్బరు తిత్తి అమర్చారు. దాన్ని ఉబ్బించో తగ్గించో మడుగు మట్టాన్ని సరస్సు మట్టం కంటే కొన్ని అంగుళాలు ఎత్తున నిలిపేవారు. నిండిన చెరువు అలుగు పారినట్టు, మడుగులో ఎక్కువైన నీళ్లు సరస్సులోకి పొర్లిపోయేవి. సరస్సు నీళ్లు నేరుగా ఇటు రాకుండా ఆ కొద్ది అంగుళాల తేడాయే అడ్డు. చాలా తెలివైన ఏర్పాటు. ఈతగాడి కంటికి మడుగూ సరస్సూ ఒకటిగానే కనిపించేవి, నీటి ప్రవాహం మాత్రం ఒకే దిక్కున సాగేది. అయితే ఆ వడపోత ఆకునూ అలమునూ ఆపగలదు. కంటికి కనిపించని జీవిని పూర్తిగా ఆపేది క్లోరిన్ లాంటి మందే.

1980 ఆగస్టులో ఇక్కడ ఈత కొట్టిన 11 ఏళ్ల బాలుడు నెగ్లేరియా ఫౌలేరి అనే అమీబా వల్ల వచ్చిన మెదడు వాపుతో చనిపోయాడు. ఇటీవల కేరళ వార్తల వల్ల ఈ జీవి పేరు మన పాఠకులకూ పరిచయమే. గోరువెచ్చని మంచినీళ్లలో పెరుగుతుంది. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు. ముక్కు గుండా పైకి వెళితే మెదడుకు చేరుతుంది. ఎండాకాలంలో ఫ్లోరిడా సరస్సులన్నీ దానికి అనువైన చోట్లే, బే లేక్‌కు ప్రత్యేకించి అంటగట్టదగిన దోషమేమీ లేదు. ఆ తర్వాత 1982లో ఒకరు, 1989లో ఒకరు, ఇద్దరూ పిల్లలే, ఈ పార్కులో నీట మునిగి చనిపోయారు.

ఇంత జరిగినా పార్క్ నడిచింది. అమీబా మరణానికీ చివరి సీజనుకూ మధ్య 21 ఏళ్లున్నాయి. ఒక దుర్ఘటన వల్ల మూసేయదలచిన యజమాని రెండు దశాబ్దాలు ఆగడు. కాబట్టి అమీబాను కారణాల జాబితాలోంచి పూర్తిగా తీసేయాలా? అక్కర్లేదు. దానికి ఒక పరోక్ష పాత్ర ఉంది. సరస్సు నీటితో ఈత అన్న ఊహకే అది మచ్చ తెచ్చింది. ఆ తర్వాత డిస్నీ కట్టిన వాటర్ పార్కులు రెండూ సరస్సుతో సంబంధం లేని, శుద్ధి చేసిన నీటితో నడిచేవే.

అసలు శుద్ధి చేసిన నీటితో నడిచే ఆ దారి రివర్ కంట్రీ పుట్టిన మరుసటి ఏడాదే తెరుచుకుంది. సీ వరల్డ్ స్థాపకుల్లో ఒకడైన జార్జ్ మిలే 1977 మార్చిలో ఆర్లాండోలో వెట్ ఎన్ వైల్డ్ ప్రారంభించాడు. ఊరి ఈతను తలపించాలన్న తాపత్రయం అతనికి లేదు. సిమెంటు కొలను, యంత్రంతో పుట్టించే అలలు, క్లోరిన్ నీళ్లు, రోడ్డు పక్కనే విశాలమైన స్థలం. ఏటా ఒక కొత్త జారుడు దారి తగిలించుకోవడానికి వీలైన నమూనా ఇది. నేటి వాటర్ పార్కులన్నిటికీ మూలపురుషుడిగా మిలేనే చెప్పుకుంటారు. వయసులో పెద్దదైన రివర్ కంట్రీకి ఆ గౌరవం దక్కకపోవడం అన్యాయమేమీ కాదు. దాన్ని చూసి ఇంకొకరు కట్టుకోవాలంటే ముందు అలాంటి సరస్సు ఒకటి ఉండాలి.

డిస్నీ కూడా చివరికి మిలే దారినే పట్టింది. 1989 జూన్ 1న టైఫూన్ లగూన్, 1995 ఏప్రిల్ 1న బ్లిజర్డ్ బీచ్ తెరిచింది. టైఫూన్ లగూన్ అలల కొలను ఒక్కదానిలోనే 27.5 లక్షల గాలన్ల నీళ్లు పడతాయి. రివర్ కంట్రీలో మడుగు పక్కన ఉన్న మామూలు ఈత కొలనులో పట్టేవి 3.3 లక్షల గాలన్లు. బ్లిజర్డ్ బీచ్‌లో 120 అడుగుల ఎత్తు నుంచి దూసుకొచ్చే జారుడు దారి ఉంది. ఇసుక మడుగులో తాడుకు వేలాడి దూకే ఆటతో దాన్ని పోల్చమని పదేళ్ల పిల్లవాడిని అడిగితే జవాబు తెలిసిందే.

పెంచుకుందామన్నా రివర్ కంట్రీకి చోటు లేదు. ఒక పక్క సరస్సు, మిగతా పక్కల విడిది ప్రాంతం, అడవి. కారు దిగి నేరుగా లోపలికి వెళ్లే వీలు కూడా లేదు. ఫోర్ట్ వైల్డర్‌నెస్ వాకిట్లో కారు ఆపి బస్సెక్కాలి, లేదంటే పడవలో రావాలి. పడవ ప్రయాణమూ సరదాయే కదా అని అభిమానులు అంటారు. నిజమే. కానీ తడి బట్టలతో, నిద్రముంచుకొచ్చే పిల్లలతో బస్సు కోసం నిలబడ్డ తల్లిదండ్రుల లెక్క వేరు. ఇదే సరస్సులో ఉన్న డిస్కవరీ ఐలాండ్ అనే జంతు ప్రదర్శనశాలను 1999 ఏప్రిల్‌లో మూసేశారు. సంస్థ దృష్టి బే లేక్ మీది నుంచి అప్పటికే మళ్లిందనడానికి అది గట్టి సూచన.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమాన ప్రయాణాలు పడిపోయాయి, వాటితోపాటు ఆర్లాండో పర్యాటకం కుదేలైంది. దాదాపు సిద్ధమైన పాప్ సెంచరీ హోటల్ ప్రారంభాన్నే డిస్నీ 2003 దాకా వాయిదా వేసింది. కొత్త హోటలే ఖాళీగా నిలబడిన రోజుల్లో, మూడు వాటర్ పార్కుల్లో అతి చిన్నదాన్ని తెరిచే ఖర్చు ఎవరు నెత్తిన వేసుకుంటారు? ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, శాశ్వతంగా మూయాలని ఆ నవంబర్‌లో ఎవరైనా తీర్మానించారనుకోవాల్సిన పని లేదు. ఆ ఏడాదికి తెరవకుండా ఉంటే చాలు. మరుసటి ఏడాది తెరవాలంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

తర్వాతి కథ వేరే రకం. కొయ్య వంతెనలూ జారుడు దారులూ అలాగే వదిలేశారు. తీగలు అల్లుకున్నాయి, కొలనులో నీళ్లు పచ్చబడ్డాయి. దొంగతనంగా లోపలికి దూరినవాళ్లు తీసిన ఫొటోలు లోకమంతా తిరిగాయి. అమీబా కథ బలపడింది ఈ ఫొటోల వల్లే అని నా అభిప్రాయం. 1980 నాటి మరణాన్నీ 2010ల నాటి పాకుడు నీళ్లనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి మధ్యలోని 21 సీజన్లు కనిపించవు. మూసిన రోజే కారణం చెప్పి ఉంటే ఈ ఊహకు ఇంత చోటు దొరికేది కాదు. ఆ కొలనును 2016లో గానీ పూడ్చలేదు.

వెట్ ఎన్ వైల్డ్ ముగింపు దీనికి పూర్తిగా భిన్నం. ఏటా పది లక్షల పైచిలుకు జనం వస్తుండగానే అది 2016 డిసెంబర్ 31న మూతపడింది. యజమాని యూనివర్సల్ సంస్థ ఆ సంగతి 2015లోనే ప్రకటించింది. వీడ్కోలు చెప్పడానికి అభిమానులకు ఏడాదికి పైగా వ్యవధి దొరికింది. 2017 మేలో యూనివర్సల్ కొత్త వాటర్ పార్క్ వోల్కనో బే తెరిచింది. పాత స్థలంలో 2,800 గదుల హోటల్ సముదాయం లేచింది. అక్కడ దెయ్యాల కథలేవీ పుట్టలేదు. రివర్ కంట్రీ స్థలానికీ హోటలే రాసిపెట్టి ఉంది: 900కు పైగా గదులతో సరస్సు ఒడ్డున విడిది కడతామని డిస్నీ 2018లో ప్రకటించింది. 2020లో కొవిడ్ వల్ల పని ఆగింది. తర్వాత లేక్‌షోర్ లాడ్జ్ అన్న కొత్త పేరుతో మళ్లీ మొదలైంది.