రక్షణ సహకార కార్యాలయం
విదేశంలోని రాయబార కార్యాలయంలో ఉంటూ ఆతిథ్య దేశానికి ఆయుధ విక్రయాలు, సైనిక శిక్షణ, ఉమ్మడి విన్యాసాల వ్యవహారాలు చూసే సైనిక విభాగం. ప్రాతినిధ్యం, పరిశీలన రక్షణ అటాషే పని, దీనిది వేరు. న్యూఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఇలాంటిది ఉంది. దాని అధికారులు రాయబారికీ, హవాయిలోని ఇండో-పసిఫిక్ కమాండ్‌కూ జవాబుదారులు.

ఈ తరహా సహకారానికి తెలుగునాట కళ్లెదుటి ఉదాహరణ విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే ఐఎన్ఎస్ జలాశ్వ. ట్రెంటన్ అనే ఈ అమెరికా నౌకను భారత్ కొని 2007లో నౌకాదళంలో చేర్చుకుంది. అలాంటి కొనుగోలు నౌక చేతికందడంతో ముగియదు. విడిభాగాలు, మరమ్మతులు, సిబ్బంది శిక్షణ ఏళ్ల తరబడి సాగుతాయి. ఈ కార్యాలయాల అసలు విలువ అక్కడే. ఉమ్మడి విన్యాసాల విషయానికొస్తే, 2019 నవంబరులో విశాఖ, కాకినాడ తీరాల్లో ఇరుదేశాల దళాలు విపత్తు సహాయంపై ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసం జరిపాయి. తరచూ తుపానులు తాకే తీరానికి ఇది ఎంతో అవసరమైన సాధన.