ఆర్కిమిడీస్ ఇసుక లెక్క

ఎక్కడైనా జనం కిక్కిరిసి ఉంటే "ఇసకేస్తే రాలనంత మంది" అంటాం. ఇసుక అనేసరికి ఇక లెక్క గురించి ఎవరూ అడగరు. గ్రీకులదీ ఇదే అలవాటు. ఇసుక లెక్కకి అందదని వాళ్ళ కవి పిండార్ కూడా అన్నాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, సిరక్యూస్ రాజు గెలోన్‌ని ఉద్దేశించి "ఇసుక లెక్క" అనే చిన్న గ్రంథం రాసిన ఆర్కిమిడీస్ మాత్రం ఈ మాటకి ఒప్పుకోలేదు. ఇసుకకీ ఒక హద్దుంది, ఆ హద్దుకి పేరు పెట్టొచ్చు అన్నాడు.

చిక్కల్లా ఆ పేరుతోనే. గ్రీకు అంకెల్లో సున్నా లేదు, స్థానవిలువ లేదు. అక్షరాలే అంకెలు. పేరున్న పెద్ద సంఖ్య మిరియడ్, అంటే పదివేలు. మిరియడ్ల మిరియడ్ 10⁸. ఆర్కిమిడీస్ ఆ 10⁸నే కొత్త "ఒకటి"గా తీసుకుని రెండో వరస మొదలుపెట్టాడు. అది 10¹⁶ దగ్గర ముగిస్తే, అక్కణ్ణుంచి మూడోది. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు.

తర్వాత కొలత. ఒక గసగసాల గింజంత చోట పదివేల రేణువులకి మించి పట్టవనుకున్నాడు. అక్కణ్ణుంచి వేలి వెడల్పు, స్టేడియం, భూమి, చివరికి నక్షత్రగోళం. అందులోనూ భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న అరిస్టార్కస్ ఊహించిన మహా విశ్వాన్నే ఎంచుకున్నాడు. అది నిండా ఇసుక పోసినా రేణువులు ఎనిమిదో వరసలో వెయ్యి మిరియడ్లకి లోపే. మన రాతలో 10⁶³.

దారిలో ఇంకోటి కూడా చెప్పాడు. ఒకటితో మొదలై ఒకే గుణకంతో పెరిగే వరసలో రెండు సంఖ్యల్ని గుణిస్తే, లబ్ధం ఎన్నో మెట్టు మీదుంటుందో తెలియడానికి ఆ రెండింటి మెట్లూ కూడితే చాలు. స్కూల్లో ఘాతాంక న్యాయాలని మనం బట్టీపట్టింది ఇదే. కానీ ఘాతాంకాన్ని ఇప్పటిలా పైన చిన్న అంకెగా వేసే పద్ధతి స్థిరపడింది 1637లో, దేకార్త్ "జ్యామితి"తో. ఆలోచన వచ్చాక గుర్తు దొరకడానికి పద్దెనిమిది వందల ఏళ్ళకి పైనే పట్టింది.

మొన్న కంప్యూటర్లో 10⁶³ని ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యగా వేసి, ఒక్క రేణువు కలిపి, రెండూ సమానమేనా అని అడిగాను. సమానమే అంది. 64 బిట్లలో అది దాచుకునేది పదహారు అంకెలు, పక్కన ఒక ఘాతాంకం. మిగతాది వదిలేస్తుంది. మొదట తప్పనిపించింది. కానీ ఆర్కిమిడీస్ కూడా ఇన్ని రేణువులని ఎక్కడా అనలేదు. ఇంతకి మించవు అన్నాడు, అంతే. రాజుకి కావలసిందీ అదే.