వెనక సీట్లో గ్రోవర్

పోలీసు కారు నడుపుతున్నావు. నీది కాదు, ఎత్తుకొచ్చావు. పుస్తకాలు ఎడిట్ చేసుకుంటూ బతికే మామూలు మనిషివి, పేరు జార్జ్ కాల్డ్‌వెల్. రెండు రోజులు కిటికీ పక్కన హాయిగా కూర్చుందామని లాస్ ఏంజెలెస్‌లో షికాగో రైలెక్కావు. ఈపాటికి ఆ రైల్లోంచి రెండుసార్లు బయట పడ్డావు. హత్యలు చేయించింది వేరేవాళ్లు, షెరీఫ్ అనుమానం మాత్రం నీమీదే. స్టీరింగ్ మీద చేతులు వణుకుతున్నాయి.

వెనక సీట్లోంచి ఎవరో మాట్లాడతారు.

గుండె ఝల్లుమంటుంది. తిరిగి చూస్తే ఒక నల్లాయన. గ్రోవర్ మల్డూన్, వృత్తి దొంగతనం. అరెస్టు చేసి అతన్ని కూర్చోబెట్టిన కారునే నువ్వు పట్టుకొచ్చావు. దించేస్తావా? వెంటబెట్టుకుంటావా? నీకు కారు నడపడం తప్ప పారిపోవడం రాదు. అతనికి అది వెన్నతో పెట్టిన విద్య.

హాలంతా ఘొల్లుమంటుంది. 1976 డిసెంబరు. అమెరికాలో ఒక ఊరి సినిమా హాల్లో ‘సిల్వర్ స్ట్రీక్’ చూస్తున్నావు. ఆట మొదలై గంట కావస్తోంది. ఇంతసేపూ బొమ్మను జార్జ్ వేషంలో జీన్ వైల్డర్ ఒక్కడే లాక్కొచ్చాడు. గ్రోవర్‌గా రిచర్డ్ ప్రయర్ నోరు విప్పగానే అందరూ సీట్లలో ముందుకు జరిగారు. నన్నడిగితే అసలు సినిమా ఇక్కడే మొదలైంది.

ఇంత మనిషిని ఇప్పటిదాకా ఎక్కడ దాచారు అనిపిస్తోంది కదా? రెండేళ్ల కిందట వచ్చిన ‘బ్లేజింగ్ శాడిల్స్’ రాసినవాళ్లలో ప్రయర్ ఒకడు. అందులో నల్ల షెరీఫ్ వేషం అతనే వెయ్యాల్సింది. స్టూడియో జంకింది. వేషం క్లీవన్ లిటిల్‌కి వెళ్లింది, అతని పక్కన వైల్డర్ చేశాడు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూడ్డానికి నువ్వు ఇదిగో, ఈ దొంగ కారు దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ నవ్వుల్లో తేలిపోకముందు ఒకమాట. ఈ ఏప్రిల్లోనే బోస్టన్ ఫోటో ఒకటి పేపర్లో చూశావు. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ బస్సుల్లో ఒకే బడికి పంపాలన్న కోర్టు తీర్పు మీద అక్కడ గొడవ. ఒక తెల్ల కుర్రాడు అమెరికా జెండా కర్రను బల్లెంలా పట్టుకుని నల్ల లాయరు మీదికి దూకుతున్నాడు. ఆ ఫోటో చూసినవాళ్లే ఈ హాల్లో నీ చుట్టూ కూర్చుని, ఒక తెల్లాయనా ఒక నల్లాయనా ఒకే కారులో పారిపోతుంటే పడీపడీ నవ్వుతున్నారు.

కాన్సాస్ సిటీ స్టేషన్. రైలు ఉంది. నీకోసం పోలీసులూ ఉన్నారు. గ్రోవర్ నిన్ను మగవాళ్ల టాయిలెట్‌లోకి తోస్తాడు. బూట్ల పాలిష్ డబ్బా మూత తీస్తాడు. ఘాటు ముక్కుకు కొడుతుంది. ముఖానికి పూసుకోమంటాడు.

పూసుకుంటావా? వందేళ్లకు పైగా ఈ దేశంలో తెల్ల నటులు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ఆటలాడారు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. బయట పోలీసులు. రైలు కదిలే వేళ. నల్లటి మరక చెంప మీద జారుతుంది. నెత్తిన టోపీ, చెవి దగ్గర ట్రాన్సిస్టర్. భుజాలు ఊపు అంటాడు గ్రోవర్. ఊపుతావు. చూడలేకపోతున్నాం.

తలుపు తెరుచుకుంటుంది. ఎవరు రావాలి?

స్క్రిప్టులో ఉన్నది ఒక తెల్లాయన. నిన్ను చూసి నిజంగానే నల్లవాడివనుకోవాలి. సెట్టు మీద ప్రయర్ దీనికి అడ్డం తిరిగాడు. కాస్త పాలిష్, నాలుగు ఊపులు ఉంటే నల్లవాడు తయారైపోతాడన్నమాట, అప్పుడు నవ్వంతా ఎవరి మీద పడుతుంది? లోపలికి నల్లాయన రావాలి, వాడు మోసపోకూడదు అన్నాడు. ఈ ముచ్చట వైల్డరే తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. దర్శకుడు ఆర్థర్ హిల్లర్ సీను మార్చాడు. ఇప్పుడు చూడు: లోపలికొచ్చిన నల్లాయన నీ అవతారం ఎగాదిగా చూశాడు. పాపం ఏదో పెద్ద ఆపదలోనే ఉన్నావు గానీ, కనీసం తాళం తప్పకుండానైనా ఊగమని చెప్పి పోతాడు. హాలు పైకప్పు లేచిపోతుంది. నవ్వు నీమీదికే తిరిగింది.

అయినా పాలిష్ పాలిష్షే. ఇవాళ చూసేవాళ్లు ముఖం చిట్లిస్తే తప్పుపట్టను. కానీ నలుపు మీద మన తెలుగు తెర వేసిన ఇన్ని జోకుల్లో, ఇది కాదు అని అడ్డం తిరిగిన కమెడియన్ ఎవరైనా ఉన్నాడా అని అడగాలనిపిస్తుంది.

మళ్లీ రైలెక్కావు. తుపాకులు పేలాయి. డ్రైవరు చచ్చిపోయాడు. ఇంజన్ పెడల్ మీద కాలు తీస్తే బండి దానంతటదే ఆగాలి, డ్రైవరుకు ఏమైనా అయితే కాపాడేది అదే. ఇప్పుడు దానిమీద కాలు లేదు, బరువుంది. బండి ఆగదు. షికాగో దగ్గరపడుతోంది. బోగీలు విడగొట్టాలి. గాలి హోరు. పట్టాలు కాళ్ల కింద. పక్కన ముసలి పోర్టర్. లాగు. జారింది. మళ్లీ లాగు. ఊడింది!

ఇంజన్ స్టేషన్ గోడ చీల్చుకుని జనం మధ్యకు దూసుకొస్తుంది. నిజం స్టేషన్ కాదులే, విమానాల షెడ్డులో వేసిన సెట్టు. ఆ దుమ్ము ఇంకా తగ్గనేలేదు, గ్రోవర్ అప్పుడే ఒక కొత్త కారు ఎక్కి ఉడాయించాడు.

నాలుగేళ్లు గడిచాయి. 1980 డిసెంబరు, ‘స్టిర్ క్రేజీ’ టికెట్ల క్యూలో ఉన్నావు. ఆ జూన్‌లోనే ప్రయర్ ఒళ్లు కాలి చావు తప్పి బయటపడ్డాడు. తెర బయట ఆ ఇద్దరూ పెద్ద స్నేహితులేం కారు, షూటింగ్ అయిపోతే ఎవరి దారి వారిది. అయినా క్యూ మలుపు తిరిగింది. దర్శకుడు సిడ్నీ పోయిటియే. ఈ బొమ్మ పది కోట్ల డాలర్లు దాటేస్తుంది, నల్ల దర్శకుడి సినిమా అంత తేవడం అదే మొదలు. ఈసారి గంటసేపు ఆగక్కర్లేదు, ప్రయర్ మొదట్నుంచీ ఉన్నాడు. చెయ్యని బ్యాంకు దోపిడీకి ఇద్దరికీ 125 ఏళ్ల శిక్ష. జైల్లో అడుగుపెడుతూ ప్రయర్ రౌడీలా భుజాలెగరేసి నడుస్తున్నాడు, ఇక్కడ బతకాలంటే ఇలాగే నడవాలట. వెనకాల వైల్డర్, ముఖాన ఏ రంగూ లేకుండా, ఆ నడక పట్టుకోవాలని నానా తంటాలూ పడుతున్నాడు. తాళం మళ్లీ తప్పింది.