పరుగుల లెక్కలో చిక్కుముళ్లు

కర్నూలు, కడప ప్రాంతాల్లో సంక్రాంతి సెలవులు వచ్చాయంటే ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లు మొదలవుతాయి. బడులు మూసివేసిన తర్వాత వేసవిలో మరో విడత జరుగుతాయి. పాఠశాల ఆవరణ, ఎండిన చెరువు, బీడు భూమి... ఏది దొరికితే అదే మైదానం. నిర్వాహకులు చందాలు పోగుచేసి నగదు బహుమతి ప్రకటిస్తారు. ఆట చివరి ఓవర్లకు చేరేసరికి ఒక ప్రశ్న మాత్రం తప్పదు. ఆ బంతికి వచ్చినవి రెండు పరుగులా, మూడు పరుగులా? జవాబు తెలిసినవారు లేకపోతే గొంతు పెద్దదైనవారి మాటే చెల్లుతుంది. ఏడాది పొడవునా కలిసి ఆడుకున్న కుర్రాళ్లు ఆ ఒక్క పరుగు కోసం మాటలు మానేసుకోవడమూ ఉంది.

ఇటువంటి సందేహాల్లో అధిక భాగానికి నియమావళిలో స్పష్టమైన సమాధానం ఉంది. క్రికెట్ నియమాలను లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) రూపొందిస్తుంది. 2017లో వాటిని తిరగరాసిన ఎంసీసీ, 2022లో మరికొన్ని ముఖ్యమైన సవరణలు చేసింది. పాత అలవాటు ప్రకారం ఆడేవారికి ఈ మార్పుల్లో కొన్ని నేటికీ తెలియవు.

రెండు పరుగులు తెచ్చిన తంటా

స్కోరు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మన రాష్ట్రంలో జరిగిన మ్యాచ్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2018 జనవరి 11న ఉత్తరాంధ్రలో సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 ట్రోఫీలో హైదరాబాద్, కర్ణాటక జట్లు తలపడ్డాయి. కర్ణాటక ఇన్నింగ్స్ ఆరంభంలో సిరాజ్ బౌలింగ్‌లో కరుణ్ నాయర్ కొట్టిన బంతిని ఆపే క్రమంలో ఫీల్డర్ పాదం బౌండరీ తాడును తాకింది. బంతి చేతిలో ఉండగా ఫీల్డర్ తాడును తాకితే అది ఫోరే. అయితే అంపైర్ ఫోర్ సంకేతం ఇవ్వలేదు. బ్యాట్స్‌మన్లు పరుగెత్తిన 2 పరుగులే నమోదయ్యాయి. ఇన్నింగ్స్ ముగిసేసరికి బోర్డుపై కర్ణాటక స్కోరు 203గా కనిపించింది.

కర్ణాటక కెప్టెన్ వినయ్ కుమార్ ఈ విషయాన్ని అంపైర్ల దృష్టికి తీసుకువెళ్లడంతో మిగిలిన 2 పరుగులు చేర్చి స్కోరును 205గా సవరించారు. హైదరాబాద్ సరిగ్గా 203 పరుగుల వద్ద ఆగింది. స్కోర్లు సమమయ్యాయని, సూపర్ ఓవర్ ఆడించాలని హైదరాబాద్ కెప్టెన్, గుంటూరుకు చెందిన అంబటి రాయుడు పట్టుబట్టారు. జట్టు మైదానం వీడకపోవడంతో ఆ తర్వాత జరగాల్సిన ఆంధ్ర, కేరళ మ్యాచ్‌ను 13 ఓవర్లకు కుదించవలసి వచ్చింది. ఫలితం మాత్రం మారలేదు. కర్ణాటక 2 పరుగులతో గెలిచింది. ప్రవర్తనా నియమాలను ఉల్లంఘించినందుకు రాయుడిపై బీసీసీఐ రెండు మ్యాచ్‌ల నిషేధం విధించింది.

నియమావళి ప్రకారం స్కోరు సరిగా ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత అంపైర్లదే. ఆట ముగిశాక అంపైర్లు, స్కోరర్లు లెక్క సరిపోయిందని అంగీకరించిన తర్వాత ఫలితాన్ని మార్చడం కుదరదు. ఆ లోపు తప్పు బయటపడితే సరిదిద్దవచ్చు. బోర్డుపై కనిపించే అంకె ప్రేక్షకుల కోసమే. చెల్లేది స్కోరు పుస్తకంలోని లెక్క.

ఓవర్‌త్రో: చూడవలసింది విసిరిన క్షణం

ఫీల్డర్ విసిరిన బంతి గురితప్పి బౌండరీ దాటితే పరుగులు ఎన్ని? అప్పటికి పూర్తయిన పరుగులు, వాటికి తోడు బౌండరీకి 4 పరుగులు లెక్కించాలి. సగంలో ఉన్న పరుగును కలపాలంటే, ఫీల్డర్ బంతి విసిరిన క్షణానికి బ్యాట్స్‌మన్లు ఇద్దరూ ఒకరినొకరు దాటి ఉండాలి. బంతి తాడు దాటినప్పుడు వారు ఎక్కడ ఉన్నారన్నది లెక్కలోకి రాదు.

2019 జూలై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో పొరపాటు జరిగింది ఇక్కడే. మార్టిన్ గప్తిల్ విసిరిన బంతి బెన్ స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీకి వెళ్లింది. అంపైర్లు 6 పరుగులు ఇచ్చారు. బంతి విసిరేటప్పటికి రెండో పరుగులో బ్యాట్స్‌మన్లు ఒకరినొకరు దాటలేదు కనుక 5 పరుగులే రావాలి. తర్వాతి బంతిని కూడా స్టోక్స్ కాకుండా ఆదిల్ రషీద్ ఎదుర్కోవలసింది. అది తన పొరపాటేనని అంపైర్ కుమార ధర్మసేన తర్వాత అంగీకరించారు. మ్యాచ్, సూపర్ ఓవర్ రెండూ సమమై, బౌండరీల సంఖ్య ఆధారంగా ఇంగ్లండ్ విజేత అయింది. ఒక్క పరుగు తేడా ప్రపంచకప్‌నే అటూ ఇటూ చేయగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

విజయ పరుగు పడగానే ఆట ముగుస్తుంది

గెలుపుకు కావలసిన పరుగు వచ్చిన క్షణంలోనే మ్యాచ్ ముగిసినట్లు. ఆ తర్వాత జరిగినది లెక్కలోకి రాదు. 2010 ఆగస్టు 16న దంబుల్లాలో శ్రీలంకపై భారత్‌కు ఒక్క పరుగు కావాలి. వీరేంద్ర సెహ్వాగ్ 99 వద్ద ఉన్నాడు. సూరజ్ రణ్‌దివ్ వేసిన బంతిని సెహ్వాగ్ సిక్సర్‌గా మలిచినా, అది నోబాల్. నోబాల్ పరుగుతోనే భారత్ గెలిచింది కనుక ఆ సిక్సర్ చెల్లలేదు. సెహ్వాగ్ 99 పరుగుల వద్దే మిగిలిపోయాడు.

వైడ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒక్క పరుగు కావలసినప్పుడు బౌలర్ వైడ్ వేశాడు, అదే బంతికి కీపర్ స్టంపింగ్ చేశాడు. గెలుపెవరిది? వైడ్ పరుగు ముందే లభిస్తుంది కనుక బ్యాటింగ్ జట్టుదే గెలుపు.

రెండు పరుగులు కావలసినప్పుడు బంతి బౌండరీకి వెళితే? రెండో పరుగు పూర్తికాక మునుపే బంతి తాడును తాకితే 4 పరుగులూ ఇవ్వాలి. ముందే రెండూ పరుగెత్తి పూర్తిచేస్తే 2 పరుగులే చెల్లుతాయి.

చివరి బంతికి 2 పరుగులు కావలసి, రెండో పరుగుకు వెళుతూ రనౌట్ అయితే పూర్తయిన మొదటి పరుగు చెల్లుతుంది. స్కోర్లు సమమవుతాయి. క్యాచ్ ఔటైతే మాత్రం అంతలో పరుగు పూర్తిచేసినా అది చెల్లదు. 2022 అక్టోబరు నుంచి క్యాచ్ ఔటైనప్పుడు బ్యాట్స్‌మన్లు ఒకరినొకరు దాటినా, దాటకపోయినా కొత్తగా వచ్చినవారే తర్వాతి బంతిని ఎదుర్కోవాలి. ఓవర్ ముగిసినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు.

వైడ్, నోబాల్, ఫ్రీహిట్

వైడ్ బంతి కీపర్‌ను దాటి బౌండరీకి వెళితే 5 పరుగులు. అవన్నీ వైడ్‌లుగానే, బౌలర్ ఖాతాలోనే నమోదు చేయాలి. వైడ్‌కు 2 పరుగులు పరుగెత్తితే మొత్తం 3 వైడ్‌లు.

నోబాల్ లెక్క వేరు. నోబాల్‌కు ఒక పరుగు, బ్యాట్‌తో కొట్టినవి బ్యాట్స్‌మన్‌కు. బ్యాట్‌కు తగలకుండా పరుగెత్తినవి 2017 నియమావళి ప్రకారం బైలు లేదా లెగ్‌బైలు. పూర్వం వాటినన్నింటినీ నోబాల్ పరుగులుగానే రాసేవారు. ఇప్పుడు అవి బౌలర్ ఖాతాలో పడవు.

ఫ్రీహిట్‌కు బంతి వికెట్లను తాకితే? బ్యాట్స్‌మన్ ఔట్ కాడు కనుక ఆట ఆగదు. 2022 అక్టోబరు 23న మెల్‌బోర్న్‌లో పాకిస్థాన్‌పై చివరి ఓవర్లో విరాట్ కోహ్లి ఫ్రీహిట్‌కు బౌల్డ్ అయ్యాడు. వికెట్లను తాకిన బంతి థర్డ్‌మ్యాన్ వైపు వెళ్లగా భారత్ 3 పరుగులు తీసింది. అవి బైలుగా నమోదయ్యాయి.

పొట్టి పరుగు, పెనాల్టీ పరుగులు

మరో పరుగు కోసం వెనుదిరిగేటప్పుడు బ్యాట్ గీతను దాటి నేలను తాకకపోతే అది పొట్టి పరుగు. మూడు పరుగులు తీసినప్పుడు ఒకటి పొట్టిదైతే ఆ ఒక్కటే తగ్గుతుంది, 2 చెల్లుతాయి. కావాలనే గీత చేరకుండా తిరిగితే ఆ పరుగులన్నీ రద్దవుతాయి, ప్రత్యర్థికి 5 పెనాల్టీ పరుగులు లభిస్తాయి. 2020 సెప్టెంబరు 20న దుబాయ్‌లో ఢిల్లీ, పంజాబ్ ఐపీఎల్ మ్యాచ్‌లో అంపైర్ ఒక పరుగును పొట్టిదిగా ప్రకటించారు. రీప్లేలో బ్యాట్ గీత దాటినట్లు కనిపించింది. ఆ మ్యాచ్ సమమై, పంజాబ్ సూపర్ ఓవర్‌లో ఓడింది.

హెచ్చరించిన తర్వాత కూడా బ్యాట్స్‌మన్లు పిచ్ నడుమ పరుగెత్తినా, ఫీల్డర్ బంతి చేతిలో లేకుండానే విసిరినట్లు నటించి బ్యాట్స్‌మన్‌ను ఏమార్చినా, కీపర్ వెనుక నేలపై ఉంచిన హెల్మెట్‌కు బంతి తగిలినా ఎదుటి జట్టుకు 5 పరుగులే. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ టెస్టులో అశ్విన్ పిచ్‌పై పరుగెత్తిన కారణంగా ఇంగ్లండ్ ఒక్క బంతి ఆడకుండానే 5 పరుగులతో ఇన్నింగ్స్ ప్రారంభించింది.

కొలంబోలో గాలిలో నిలిచిన బ్యాట్

2025 అక్టోబరు 5న కొలంబోలో మహిళల ప్రపంచకప్‌లో భారత్, పాకిస్థాన్ ఆడాయి. కడప జిల్లాకు చెందిన స్పిన్నర్ శ్రీచరణి సభ్యురాలిగా ఉన్న ఈ జట్టే తర్వాత కప్పు గెలిచింది. ఆ మ్యాచ్‌లో పాక్ ఓపెనర్ మునీబా అలీ బ్యాట్‌ను ఒకసారి క్రీజులో పెట్టి, తిరిగి పైకి ఎత్తింది. సరిగ్గా అప్పుడే దీప్తి శర్మ విసిరిన బంతి వికెట్లను తాకింది. గీత దాటి నేలను తాకిన బ్యాట్ తర్వాత పైకి లేచినా ఔట్ కాదనే నిబంధన ఉంది కదా అన్నది పాక్ అభ్యంతరం. అయితే ఆ రక్షణ పరుగెత్తుతూ లేదా దూకుతూ క్రీజు చేరినవారికి మాత్రమే. నిలుచున్నచోటు నుంచి బ్యాట్ ఎత్తినవారికి వర్తించదు. అందుకే అది రనౌట్.

ఊరి మైదానంలో వేపచెట్టు, కంపచెట్లు

పెద్ద స్టేడియాల్లో ఎదురుకాని చిక్కులు పల్లె మైదానాల్లో ఎదురవుతాయి. మైదానం లోపల వేపచెట్టో, కరెంటు స్తంభమో ఉంటే దానికి తగిలిన బంతి ఫోరా? టాస్‌కు ముందే అంపైర్లు దానిని బౌండరీగా నిర్ణయించి ఉంటేనే ఫోర్. లేకపోతే ఆట కొనసాగుతుంది. చెట్టుకు తగిలి నేల తాకకుండా చేతికి చిక్కితే క్యాచ్ ఔటే. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ మైదానంలో తాడు లోపల ఒక పెద్ద చెట్టు ఉండేది. దానికి తగిలితే 4 పరుగులని ముందే నియమం పెట్టుకున్నారు. ఆ చెట్టు 2005లో కూలింది.

మైదానం లోపలి కంపచెట్లలో బంతి దొరకకపోతే 6 పరుగులు ఇవ్వడం మన పల్లెల్లో అలవాటు. పాత నియమావళిలో ‘లాస్ట్ బాల్’ నిబంధన ఉండేది. 2017లో దానిని తొలగించారు. ఇప్పుడు అంపైర్ డెడ్‌బాల్ ప్రకటిస్తారు. అప్పటికి పూర్తయినవి, బ్యాట్స్‌మన్లు ఒకరినొకరు దాటి ఉంటే సగంలోనిది మాత్రమే చెల్లుతాయి. కుక్కో, మేకో అడ్డువచ్చి ఏదైనా జట్టుకు నష్టం కలిగితే డెడ్‌బాల్ ప్రకటించవచ్చని 2022 సవరణ చెబుతోంది.

టాస్‌కు ముందే తేల్చుకోవలసినవి

బౌండరీ హద్దు ఏది, చెట్టు, స్తంభం, గోడలకు తగిలితే పరుగులెన్ని, కంపలో పడితే ఏ లెక్క, స్కోర్లు సమమైతే ఏం చేయాలి అన్నవి టాస్‌కు ముందే ఇరు కెప్టెన్ల సమక్షంలో రాసుకోవాలి. నియమావళి ఇద్దరు స్కోరర్లు ఉండాలంటుంది. జట్టుకు ఒకరు చొప్పున కూర్చుని, ప్రతి ఓవర్ చివర లెక్క సరిచూసుకోవాలి. అంపైర్ ఇచ్చిన ప్రతి సంకేతానికీ స్కోరర్ చెయ్యెత్తి బదులివ్వాలి. బదులు రాకపోతే అంపైర్ తర్వాతి బంతి వేయనివ్వకూడదు. సాధారణంగా జట్టులో చోటు దక్కని కుర్రాడికి స్కోరు పుస్తకం అప్పగిస్తుంటారు. నియమాలు బాగా తెలిసినవారికి దానిని అప్పగిస్తే చివరి ఓవర్లో వాదన చాలావరకు తప్పుతుంది.