రేసింగ్ గేముల్లో కార్ల బ్రాండ్లు: ప్రత్యేక లైసెన్సుల చరిత్ర

రేసింగ్ వీడియో గేములో నిజమైన కారును చూపించాలంటే ఆ కారు పేరు, చిహ్నం, ఆకారం వాడుకునేందుకు తయారీ కంపెనీ నుంచి గేము కంపెనీ అనుమతి తీసుకోవడం ఆనవాయితీ. ఆ అనుమతే లైసెన్సు. అదే అనుమతిని ఒకే గేము కంపెనీకి ఇచ్చి, గడువు తీరేదాకా మరొకరికి ఇవ్వకపోతే అది ప్రత్యేక లైసెన్సు. చిత్తూరు జిల్లాలో మామిడి తోటను గుత్తకు ఇచ్చే పద్ధతి తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. గుత్త పట్టిన వ్యాపారి ఉండగా మరొకరు ఆ తోటలో కాయ కోయలేరు. ఆయన ఒప్పుకుంటే నాలుగు చెట్లు వేరొకరికి అప్పగించవచ్చు, లేదంటే లేదు. గేముల వ్యాపారంలో ఇలా అప్పగించడాన్ని సబ్ లైసెన్సు అంటారు. ఈ చరిత్రలో పెద్ద గొడవంతా దాని చుట్టూనే నడిచింది.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ జర్మనీ కంపెనీ పోర్షేకూ, అమెరికా కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం. 2000లో మొదలై 2016 చివరి వరకు సాగింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను ఇకపై వాడుకలో ఉన్నట్టు ఈఏ అందాం.

అడగకుండా వాడుకున్న కాలం

తొలినాళ్లలో అనుమతి సంగతి పట్టించుకున్నవారు తక్కువ. 1986లో జపాన్ కంపెనీ సెగా, యు సుజుకి రూపకల్పనలో ‘అవుట్ రన్’ విడుదల చేసింది. అందులోని ఎర్ర కారు ఫెరారీ టెస్టరోసా అని చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా ఫెరారీ దగ్గర లైసెన్సు తీసుకోలేదు. 1987లో అకోలేడ్ కంపెనీ విడుదల చేసిన ‘టెస్ట్ డ్రైవ్’ ఇంకో అడుగు ముందుకేసింది. టెస్టరోసా, లాంబోర్గినీ కౌంటాష్, పోర్షే 911 టర్బో, లోటస్ ఎస్ప్రీ, షెవర్లే కార్వెట్ కార్లను పేర్లతో సహా ఆటగాడి ముందు పెట్టింది. అప్పటి తెరల మీద కారంటే కొన్ని రంగు చుక్కలే కాబట్టి కార్ల కంపెనీలకు అదొక పెద్ద విషయంగా తోచలేదు.

బొమ్మ నిజానికి దగ్గరయ్యే కొద్దీ లెక్క మారింది. టెస్ట్ డ్రైవ్‌ను తయారుచేసిన వాంకూవర్ బృందాన్ని తర్వాత ఈఏ కొనేసింది. 1994లో ఆ బృందమే ‘రోడ్ అండ్ ట్రాక్’ పత్రికతో చేతులు కలిపి మొదటి ‘నీడ్ ఫర్ స్పీడ్’ తెచ్చింది. అందులో ఉన్నవి ఎనిమిది కార్లే, కానీ ఒక్కో కారు ఇంజిను చప్పుడుతో సహా అసలుదానిలా ఉండాలన్నది లక్ష్యం. 1997 డిసెంబరులో సోనీ కోసం కజునోరి యమవుచి బృందం ‘గ్రాన్ టురిస్మో’ విడుదల చేశాక కార్ల కంపెనీలకు అసలు సంగతి అర్థమైంది. షోరూము గడప తొక్కని కుర్రాడు కూడా కారు మోడలు పేరు, హార్స్ పవర్, గేర్ల లెక్క గడగడా చెబుతున్నాడు. ఇది డబ్బు ఖర్చు పెట్టకుండా వస్తున్న ప్రచారం. పైగా దానికి ఎదురు డబ్బు తీసుకోవచ్చు.

పోర్షే, ఈఏ

2000లో ఈఏ ఏకంగా ఒకే కంపెనీ కార్లతో గేము విడుదల చేసింది. అమెరికాలో దాని పేరు ‘నీడ్ ఫర్ స్పీడ్: పోర్షే అన్‌లీష్డ్’. 356 మోడలు నుంచి 2000 నాటి 911 టర్బో వరకు అర్ధ శతాబ్దపు పోర్షే చరిత్రను ఆడుకుంటూ తెలుసుకునే ఏర్పాటు అందులో ఉంది. గేముగా అది బాగుంది, ఇప్పటికీ దాన్ని తలుచుకునేవారున్నారు. చిక్కల్లా దాని వెనకున్న ఒప్పందంతోనే. గేముల్లో పోర్షే పేరు వాడుకునే హక్కు ఈఏ చేతిలోనే ఉండిపోయింది.

మొదటి పదేళ్లు ఇది బయటివారికి అంతగా తగల్లేదు. మైక్రోసాఫ్ట్ సబ్ లైసెన్సు తీసుకుని 2003 నాటి ‘ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2’లోనూ, 2005 నుంచి వచ్చిన మొదటి మూడు ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్’ గేముల్లోనూ పోర్షేలను పెట్టింది. 2011లో ఈఏ ఇవ్వనన్నది. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 4’లో పోర్షే లేదు. సంగతి విడుదలకు ముందే ఫోర్జా దర్శకుడు డాన్ గ్రీనవాల్ట్ అభిమానులకు చెప్పుకోవలసి వచ్చింది. 2012 మేలో రాజీ కుదిరి, పోర్షేలు అదనంగా డబ్బు పెట్టి కొనే ప్యాకుగా వచ్చాయి. తర్వాత 2015లో ‘ఫోర్జా హొరైజన్ 2’కూ, 2016లో ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 6’కూ అదే తంతు. అంతకుముందు గేముతో పాటే వచ్చిన కార్లకు ఆటగాడు మళ్లీ డబ్బు కట్టాడు. ప్రత్యేక లైసెన్సు భారం చివరికి ఎవరి మీద పడుతుందో తెలుసుకోవడానికి ఈ ప్యాకుల ధరల పట్టీ చాలు.

పోర్షే దొరకని కంపెనీలు దొడ్డిదారి ఒకటి వెతుక్కున్నాయి. జర్మనీలోని ఫాఫెన్‌హౌసెన్ అనే చిన్న ఊళ్లో రూఫ్ అనే సంస్థ ఉంది. పోర్షే బాడీ తీసుకుని, ఇంజినుతో సహా తనదైన పద్ధతిలో కారు కట్టి, తన పేరు మీద అమ్ముతుంది. జర్మనీ ప్రభుత్వ లెక్కల్లో రూఫ్ మరమ్మతు షెడ్డు కాదు, విడిగా గుర్తింపు ఉన్న కార్ల తయారీదారు. కాబట్టి రూఫ్ కార్లకు పోర్షే ఒప్పందం అడ్డు కాలేదు. చూడ్డానికి 911 లాగే ఉంటుంది, ముందున్న చిహ్నం మాత్రం వేరు. గ్రాన్ టురిస్మో ఆడుతూ పెరిగిన తరానికి ‘ఎల్లో బర్డ్’ అని పిలిచే పసుపుపచ్చ రూఫ్ సీటీఆర్ అంత దగ్గరైందంటే ఈ సర్దుబాటే కారణం. అసలు కంపెనీ తలుపు మూసుకుంటే పక్కింటి చిన్న కంపెనీ పేరు ప్రపంచమంతా మోగింది. పోర్షే ప్రచార విభాగం దీన్ని ఎలా సమర్థించుకుందో గాని, బయటినుంచి చూసేవారికి మాత్రం నష్టపు బేరంగానే కనిపిస్తుంది.

2016 చివర్లో ఈ కట్టు తెగింది. ఇటలీకి చెందిన కునోస్ సంస్థ ‘అసెటో కోర్సా’ గేముకు ఆ ఏడాదే పోర్షే ప్యాకులు ఇచ్చింది. 2017 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన వేదిక మీదే కొత్త పోర్షే 911 జీటీ2 ఆర్ఎస్ కారును లోకానికి చూపించింది. అదే ఏడాది ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’తో పోర్షే ఆ వరుసలోకి వచ్చింది. పదహారేళ్లు ఒక్కరికే దక్కిన పేరు ఏడాది తిరగకుండా అందరి గేముల్లోనూ కనబడింది.

ఫెరారీ తీరు

ఫెరారీ ఎవరికీ అలా పూర్తిగా లొంగలేదు. ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలన్నది తన చేతిలోనే ఉంచుకుంది. 2002 నాటి ‘హాట్ పర్సూట్ 2’ తర్వాత నీడ్ ఫర్ స్పీడ్ వరుసలో ఫెరారీ ఏళ్లపాటు కనబడలేదు. 2010లో ‘షిఫ్ట్’ గేముకు వచ్చిన ఫెరారీ ప్యాకు ఎక్స్‌బాక్స్ వాళ్లకే దక్కింది. గ్రాన్ టురిస్మోలో ఫెరారీ చేరింది మొదటి గేము వచ్చిన దాదాపు పదేళ్లకు. సెగా 2003లో అధికారిక లైసెన్సుతోనే ‘అవుట్ రన్ 2’ చేసింది గాని, 2009 నాటి ‘అవుట్ రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్’ లైసెన్సు గడువు తీరాక ఆన్‌లైన్ దుకాణాల నుంచి మాయమైంది. 1986 నాటి పాత ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా కారు రూపం కొంచెం మార్చి గాని ఇవ్వలేదు.

మన నెట్ సెంటర్ల తరానికి దీని జాడ తెలియకుండానే తెలుసు. 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ ‘మోస్ట్ వాంటెడ్’లో పోర్షేలు, లాంబోర్గినీలు వరుసగా నిలబడి ఉంటాయి. ఫెరారీ ఒక్కటీ ఉండదు. గంటకింత అని కట్టి ఆడినవారిలో ఎందుకు లేదని అడిగినవారు తక్కువ. అదే కంప్యూటర్లో ఉండే ‘రోడ్ రాష్’లో బైకులన్నీ కల్పిత పేర్లవే. ‘క్రికెట్ 07’లో మన జట్టు ఆటగాళ్ల పేర్లు అక్షరాలు అటూ ఇటూ అయి కనబడితే అచ్చు తప్పనుకునేవాళ్లం. అదీ లైసెన్సు లేకపోవడం వల్లనే.

కార్ల కంపెనీల షరతులు

లైసెన్సు అంటే డబ్బు ఒక్కటే కాదు. కారు ఎంతవరకు నుజ్జయినట్టు చూపించవచ్చు, తలకిందులు కావచ్చా, నిప్పంటుకోవచ్చా, పోలీసులను గుద్దవచ్చా అన్నవన్నీ బేరంలో ఉంటాయి. గుద్దులాటే ప్రాణంగా నడిచే ‘బర్నవుట్’ వరుస కల్పిత కార్లనే నమ్ముకుంది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ ఇంకో అడుగు వేసి గ్రోటీ, ఫిస్టర్ లాంటి బ్రాండ్లనే పుట్టించింది. మొదటిది ఫెరారీకి, రెండోది పోర్షేకి నీడ అని అభిమానులందరికీ తెలుసు. 2019లో వచ్చిన ‘నీడ్ ఫర్ స్పీడ్ హీట్’లో టొయోటా లేదు. వీధుల్లో జరిగే అక్రమ రేసులను ప్రోత్సహించని గ్రాన్ టురిస్మోలో తమ కార్లు చూసుకోవచ్చని ఆ కంపెనీ బ్రిటన్ శాఖ ట్విటర్‌లో జవాబిచ్చింది.

అందరూ ఇలా బిగుసుకుని కూర్చోలేదు. పోర్షే లేని ఆ ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 4’లోనే, బీబీసీ ‘టాప్ గేర్’ కార్యక్రమంతో కుదిరిన పొత్తు వల్ల, కియా సీడ్ అనే సాదాసీదా కారు చోటు సంపాదించింది. ఆ కార్యక్రమంలో అప్పట్లో సినిమా తారలు నడిపిన చవక కారు అది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి సెల్టోస్ తయారుచేస్తున్న కియా ఇదే.

కార్ల బ్రాండ్ల నుంచి పోటీల దాకా

కారు కంపెనీలతో మొదలైన ఈ పద్ధతి పోటీల నిర్వాహకులకూ పాకింది. సోనీ 2003 నుంచి కొన్నేళ్లపాటు ఫార్ములా వన్ హక్కులను గుత్తగా పట్టింది. ఆ తర్వాత హక్కులు గేము కంపెనీ కోడ్‌మాస్టర్స్‌కు వెళ్లి, వారి మొదటి గేము 2009లో గాని రాలేదు. ఆ సంస్థను ఈఏ 2021లో సుమారు 120 కోట్ల డాలర్లకు కొనేసింది. ఈ పద్ధతి మీద గట్టి వ్యాజ్యం మాత్రం రేసింగ్‌లో కాదు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో వచ్చింది. 2004లో ఆ ఆట ప్రధాన లీగ్ ఎన్ఎఫ్ఎల్ హక్కులు ఒక్క ఈఏకే దక్కడంతో పోటీ పోయి ధర పెరిగిందని కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. 2012లో ఈఏ 2.7 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

చట్టం ఏమంటుంది

లైసెన్సు తప్పనిసరా అన్న ప్రశ్నకు కోర్టుల జవాబు కంపెనీలు భయపడినంత కఠినంగా లేదు. ఓపెల్ చిహ్నంతో రిమోట్ బొమ్మ కారు అమ్మిన ఆటెక్ మీద ఓపెల్ వేసిన కేసులో 2007లో యూరోపియన్ న్యాయస్థానం, 2010లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పులిచ్చాయి. బొమ్మ మీది గుర్తును కొనేవారు అసలు కారులోని ఒక వివరంగానే చూస్తారు, ఓపెలే తయారుచేసిందని అనుకోరన్నది ఓపెల్ ఓడిపోవడానికి కారణం. 2020 మార్చి 31న న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో హమ్‌వీ సైనిక వాహనాలను చూపినందుకు వాటి తయారీదారు ఏఎమ్ జనరల్ వేసిన దావాలో గేము కంపెనీ యాక్టివిజన్ పక్షాన నిలిచింది. వాస్తవికత కోసం నిజమైన వాహనాన్ని చూపడం కళా స్వేచ్ఛ కిందకు వస్తుందన్నది. అయినా రేసింగ్ గేముల కంపెనీలు లైసెన్సు మానలేదు. కారే సరుకైన గేముకు ఆ తీర్పు ఎంత రక్షణ ఇస్తుందో చెప్పలేం. పైగా కంపెనీతో స్నేహంగా ఉంటే అసలు డ్రాయింగులు, ఇంజిను ధ్వనులు, విడుదలకు ముందే కొత్త మోడలు చేతికొస్తాయి.

మన దేశంలో కారు ఆకారానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద గరిష్ఠంగా 15 ఏళ్ల రక్షణ ఉంటుంది. పేరుకూ చిహ్నానికీ 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద పదేళ్లకోసారి పొడిగించుకుంటూ ఎంతకాలమైనా ఉంటుంది. ప్రత్యేక ఒప్పందాలను 2002 నాటి పోటీ చట్టం నేరుగా నిషేధించదు. పోటీకి గణనీయంగా హాని జరిగితేనే తప్పు పడుతుంది, మేధోహక్కుల యజమాని పెట్టుకునే సమంజసమైన షరతులను మినహాయిస్తుంది.

పలమనేరు దారిలో

పలమనేరు మీదుగా పోయే చెన్నై రహదారి చివర బెంగళూరు ఉంది. 1997లో రాజేశ్ రావు అక్కడ స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్, ‘ఫోర్జా హొరైజన్ 3’ వంటి విదేశీ గేములకు బొమ్మల పని చేసింది. 2019లో ఆ సంస్థను గ్రాండ్ థెఫ్ట్ ఆటో తయారీదారు రాక్‌స్టార్ కొనేసింది. అసలు కార్ల గేముకు పనిచేసిన సంస్థ కల్పిత బ్రాండ్ల సామ్రాజ్యంలో కలిసిందన్నమాట.

ఊళ్లో కుర్రాళ్ల ఫోన్లలో ఇంకో దారి నడుస్తోంది. ఇండొనేసియా కంపెనీ మలియో 2017లో తెచ్చిన ‘బస్ సిమ్యులేటర్ ఇండొనేసియా’లో బస్సు పైపూతను ఎవరైనా మార్చుకోవచ్చు. తెలుగు అభిమానులు దానికి ఆర్టీసీ రంగులు వేసి, బోర్డు రాసి, ఒకరికొకరు పంచుకుంటున్నారు. కంపెనీ ఇవ్వని బండిని ఆడేవాడే తయారుచేసుకునే ఈ పద్ధతిని మోడ్ అంటారు. కంప్యూటర్ గేముల్లో పోర్షే లేని కాలంలో పోర్షేలు దొరికింది కూడా ఎక్కువగా ఈ దారినే.

గడువు తీరాక

పోర్షే ఒప్పందం ముగిశాక పెద్ద కార్ల కంపెనీలు మళ్లీ అలాంటి దీర్ఘకాలపు ప్రత్యేక హక్కు జోలికి పెద్దగా పోలేదు. అది మంచిదే. మిగిలిన తిప్పలు గడువుతో వచ్చినవి. ఒక్కరికే ఇచ్చినా పదిమందికి ఇచ్చినా లైసెన్సుకు తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటితే గేమును అమ్మకూడదు. ‘ఫోర్జా హొరైజన్’ మొదటి భాగం 2016లో, రెండోది 2018లో, మూడోది 2020లో, నాలుగోది 2024 డిసెంబరు 15న దుకాణాల నుంచి తొలగిపోయాయి. ‘ప్రాజెక్ట్ కార్స్’ మొదటి రెండు భాగాలు 2022లో పోయాయి. ముందే కొన్నవారు వాటిని ఆడుకోగలరు, కొత్తవారు డిజిటల్‌గా కొనలేరు. యూబీసాఫ్ట్ వారి ‘ద క్రూ’ సంగతి మరీ దారుణం. సర్వర్లు, లైసెన్సుల ఇబ్బందులు చెప్పి 2024 మార్చి 31న మూసేశారు. డిస్కు కొని బీరువాలో పెట్టుకున్నవారికీ అది ఇక తెరుచుకోదు.

రేసింగ్ గేము కొనేటప్పుడు అది ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో లేదో ముందు చూసుకోవాలి. తక్కువ ధరకు హఠాత్తుగా అమ్మకానికి పెట్టారంటే గడువు దగ్గర పడి ఉండవచ్చు. కావలసిన కార్ల ప్యాకులు ఉంటే అప్పుడే తీసుకోవడం మేలు.