క్రీడాకోటా ప్రవేశాలు: కర్నూలు, కడప జిల్లాలు

ఆటల్లో రాణించిన విద్యార్థుల కోసం ఉన్నత విద్యాసంస్థలు విడిగా ఉంచే సీట్లను క్రీడాకోటా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఈ కోటా 0.5 శాతం. వెయ్యి సీట్లుంటే ఐదన్నమాట. ఎన్‌సీసీ వారికి ఇచ్చేదాంట్లో ఇది సగం. అమెరికాలో కాలేజీ జట్ల కోచ్‌లే హైస్కూలు ఆటగాళ్లను వెతుక్కుంటూ వెళ్తారు, నచ్చినవారికి ఉపకారవేతనం ఇప్పించి చేర్చుకుంటారు. ఇక్కడ కోచ్‌కు ఆ అధికారం లేదు. సర్టిఫికెట్టే మాట్లాడాలి.

ఆ సర్టిఫికెట్ చాలామందికి స్కూల్ గేమ్స్ నుంచే వస్తుంది. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య ఈ పోటీలను అండర్-14, 17, 19 విభాగాల్లో నిర్వహిస్తుంది. మండలంలో మొదలయ్యే సెలక్షన్స్ జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ పోటీల దాకా సాగుతాయి. కోటా సీటుకు ముందు చూసేది ఆడిన స్థాయి, ఆ తర్వాతే ర్యాంకు. జిల్లా పతకాలు ఎన్ని ఉన్నా, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడిన వారి ముందు నిలవవు. అయినా ప్రవేశ పరీక్ష ఉన్న కోర్సుకు అది తప్పదు, అందులో అర్హత సాధించాల్సిందే.

కడప జిల్లా పిల్లలకు ఈ సర్టిఫికెట్ అవసరం పదో తరగతి అయిన వెంటనే వస్తుంది. వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. అందులో ఆరేళ్ల చదువుకు పదో తరగతి మార్కులతోనే చేర్చుకుంటారు, క్రీడాకోటా కూడా ఉంది. అంటే పదిహేనేళ్లకే జాతీయ స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అందుకు అండర్-14లోనే జిల్లా జట్టులో చోటు దక్కితే మేలు. ఈ లెక్క తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉన్న బడికీ, అసలు పీఈటీయే లేని బడికీ ఉన్న తేడా ఇక్కడే తేలిపోతుంది.

సర్టిఫికెట్ మీద ఇంటిపేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఆట, విభాగం, పోటీ జరిగిన ఊరు, సంవత్సరం, సాధించిన స్థానం స్పష్టంగా కనపడాలి. పరిశీలనకు ఒరిజినల్ చూపించాలి. ఒక్క అక్షరం తేడాతో పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావడం అన్యాయం. సర్టిఫికెట్ చేతికందిన రోజే సరిచూసుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

కర్నూలు పడమటి మండలాల కష్టం వేరు. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల కుటుంబాలు వానలు ముఖం చాటేసిన ఏడు మిరప, పత్తి పనులకు గుంటూరు వైపు సుగ్గికి (వలస) పోతాయి, పిల్లలూ వెంట వెళ్తారు. బడి హాజరే పోయినప్పుడు జట్టులో పేరు ఎక్కడుంటుంది?

ఇంటర్‌లో మరో గండం. ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్ ఇంజినీరింగ్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. దాంతో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే కాలేజీల్లో చేరిన పిల్లలు మైదానం మొహం చూడరు. నిజానికి అండర్-19 విభాగం ఉన్నదే ఈ వయసువారి కోసం.

ప్రతిభకు మాత్రం కరువు లేదు. 2025 మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులోని స్పిన్నర్ శ్రీచరణిది కడప జిల్లా. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం తెచ్చిన జాఫ్రిన్ కర్నూలు అమ్మాయి. కడపలోని డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల నాలుగో తరగతి నుంచే పిల్లలను ఎంచుకుంటుంది. 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెడుతుంది.

డిగ్రీ తర్వాత వ్యాయామ ఉపాధ్యాయులు కాదలచినవారికి పీఈసెట్ ఉంది. దాన్ని ఇంటర్ అర్హతతో డీపీఈడీలో చేరేవారూ రాయొచ్చు. ఇంజినీరింగ్‌లో మరో దారీ ఉంది: ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ఒక్కో బీటెక్ కోర్సులో రెండు అదనపు సీట్లను క్రీడాకారులకు కేటాయించింది, వాటిలో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోపాటు గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఉండాలి.

దరఖాస్తు నింపేటప్పుడు క్రీడాకోటా గడి వదిలేయకండి. ఎనిమిదో తరగతి నుంచే సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టించే బాధ్యత పీఈటీలు, తల్లిదండ్రులు తీసుకోవాలి.