వదంతియు, వైద్యమును

రోగముకంటె ముందుగ దానినిగూర్చిన వదంతి ఊరిలో అడుగుపెట్టును. ఆ వదంతిని అణచుట ధర్మమా, ఆలకించుట ధర్మమా అను ప్రశ్న నేడు పుట్టినది కాదు. మన ఆలూరు ప్రాంతము చూచిన ప్లేగు కాలమునందే అది పుట్టినది.

1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. 1896లో బొంబాయిలో పొడసూపిన ప్లేగు, 1898 నాటికి ఆ జిల్లాను చేరెను. అంతకు ముందే, 1897 ఫిబ్రవరిలో, ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసియుండెను. రైలు ప్రయాణికులను పరీక్షించుటకును, అనుమానితులను వేరుపరచుటకును అధికారులకు హక్కు లభించెను. సదుద్దేశముతో చేసిన పనికి వారిపై దావా చెల్లదని ఆ చట్టమునందే వ్రాయబడెను.

ప్రజలు బెదరిరి. ఆస్పత్రికి పోయినవారు తిరిగిరారనియు, అచట శవములనుండి తైలము తీయుదురనియు బొంబాయిలో వదంతులు లేచెను. 1896 అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థరు రోడ్డు ఆస్పత్రిపై పడిరి. ఆ మాటలు అబద్ధములే. కాని వాని వెనుకనున్న భయము అబద్ధము కాదు. 1897లో పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి సోదాచేయుట, రోగులను బలవంతముగ తరలించుట జరిగిన సంగతులే గదా!

పోనీ, అధికారులు చెప్పినదంతయు సత్యమేనా? ఎలుకపై బ్రతుకు మిన్నల్లివలన ప్లేగు సోకునని 1898లో కరాచీలో సైమండు అను వైద్యుడు కనుగొనెను. ఆనాటి ప్లేగు విచారణ సంఘము ఆ మాటను త్రోసిపుచ్చెను. 1905లో ఆరంభమైన పరిశోధనలు అతడే సరియని నిర్ధారించెను. ఎలుకలు రాలగనే ఊరు విడిచి, పొలములలో గుడిసెలు వేసికొన్న దక్కను రైతుల తెలివి అంతవరకు శాస్త్రమునకు అందలేదు.

టీకా కథయు ఇట్టిదే. 1897 జనవరిలో హాఫ్‌కిన్ తన టీకాను మొదట తన దేహముపైననే పరీక్షించుకొనెను. 1902లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున, ఒకే సీసాలోని మందు వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. హాఫ్‌కిన్‌పై పడిన నింద 1907లో గాని తొలగలేదు. ఈ దుర్ఘటన పిదప టీకాకు వెరచిన రైతును అజ్ఞానియని తూలనాడవచ్చునా? జరిగిన లోపమును దాచక చెప్పి, సవరించుటయే అతని సంశయమునకు మందు.

కావున ప్రభుత్వము వదంతులను కనిపెట్టియుండుట అవసరమే. కాని "ఎవరనిరి?" అని వెదకుట వేరు, "ఏల అనిరి?" అని విచారించుట వేరు. మొదటిది పోలీసు పని, రెండవది వైద్యుని పని. బూటకపు మందునమ్మి సొమ్ముచేసికొను వంచకుని శిక్షింపవలసినదే. భయపడి ప్రశ్నించువానిని అతనితో జతపరచుట అన్యాయము. కోవిడ్ కాలమున, 2021 ఏప్రిల్ 30న, ప్రాణవాయువు దొరకలేదని మొరపెట్టుకొన్న పౌరులను తప్పుడు వార్తల నెపమున శిక్షింపరాదని సుప్రీంకోర్టు ఆదేశించుట ఈ వివేకమువలననే.

రేడియో మాటలాడునే గాని వినలేదు. ప్రజారోగ్యమునకు నోటితోపాటు చెవియు కావలెను. తాను చెప్పినది తప్పైనప్పుడు తప్పని ఒప్పుకొను ప్రభుత్వము మాటనే, మరొక రోగము వచ్చిననాడు మనము నమ్మగలము.